పాత ఫిల్మ్ కెమెరాలో లైట్ మీటర్ ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తోంది, బాగవుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇంట్లో పెద్దవాళ్లు వాడిన 1970ల నాటి ఎస్ఎల్ఆర్ (లెన్స్ గుండానే చూసి ఫోటో తీసే కెమెరా) మీ చేతికొచ్చింది. షట్టర్ బాగానే పడుతోంది. ఎల్ఆర్ 44 బ్యాటరీ వేస్తే వెలుతురు కొలిచే మీటర్ ముల్లు లేచింది. కానీ ఒకే గోడకి ఇప్పుడొక లెక్క, కాసేపాగితే ఇంకో లెక్క చెబుతోంది. ఐఎస్ఓ డయల్ (ఫిల్మ్ వెలుతురుకి ఎంత స్పందిస్తుందో పెట్టేది) తిప్పితే ముల్లు ఎగిరెగిరి పడుతోంది. ఫోన్ యాప్‌తో పోలిస్తే ఒకటి నుంచి రెండు స్టాప్‌ల తేడా ఉంది (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపో, సగమో). మొదటి రోల్లో సగం నెగటివ్‌లు పల్చగా వచ్చాయి. దీన్ని విప్పి బాగుచేసుకోవచ్చా, లేక మీటర్ లేదనుకుని వాడుకోవాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ముల్లు లేస్తోందంటే మీటర్ బతికే ఉంది, చాలావరకు బాగవుతుంది. నా చేతికొచ్చిన ఇలాంటి కెమెరాల్లో ఎక్కువ భాగం మూడింట్లో ఏదో ఒకటి: వోల్టేజీ కుదరని బ్యాటరీ, చిలుము పట్టిన కాంటాక్టు లేదా వైరు, డయల్ కింద మురికి పట్టిన రెసిస్టర్. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే మీ కెమెరాకి ఒకటి కాదు, రెండు జబ్బులున్నాయి. పల్చటి నెగటివ్‌లు బ్యాటరీ వల్ల, ముల్లు ఎగరడం కాంటాక్టు వల్ల. ఈ రెండూ టాప్ కవర్ ముట్టుకోకుండానే తేలే అవకాశం ఉంది కాబట్టి స్క్రూడ్రైవర్ ఇప్పుడే తియ్యకండి.

ముందు తప్పు ఏ రకమో తెలుసుకోవాలి. "మీటర్ తప్పు చూపిస్తోంది" అంటే నాకు ఏమీ అర్థం కాదు. ఎప్పుడూ ఒకే తేడాతో తప్పు చూపిస్తోందా, వెలుతురును బట్టి తేడా మారుతోందా, లేక ఒకే వెలుతురులో కూడా నిలకడ లేదా? ఈ మూడూ మూడు వేర్వేరు రోగాలు, మందులు కూడా వేరు.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఒకే రంగు గోడ ఒకటి చూసుకోండి. ఫ్రేమంతా గోడే ఉండాలి. కిటికీ, నీడ, మెరుపు ఏవీ రాకూడదు. ఫోన్ లెన్స్ మీ 50 ఎంఎం లెన్స్ కన్నా చాలా వెడల్పుగా చూస్తుంది కాబట్టి ఫోన్‌ని గోడకి దగ్గరగా తీసుకెళ్లండి, దాని నీడ మాత్రం గోడ మీద పడనివ్వకండి. స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో చిన్న చోటుని మాత్రమే కొలవడం) ఉన్న డిజిటల్ కెమెరా ఉంటే ఇంకా మంచిది. ఐఎస్ఓ 100 పెట్టి నాలుగు రకాల వెలుతురులో రెండింటి రీడింగులూ కాగితం మీద రాసుకోండి. సుమారుగా ఈ స్థాయిలు దొరికితే చాలు (ఎఫ్ అంకె అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం సైజు, రెండోది షట్టర్ స్పీడు): మంచి ఎండలో ఎఫ్/16, 1/125, తెరిపిగా ఉన్న నీడలో ఎఫ్/8, 1/60, ఇంట్లో కిటికీ పక్కన ఎఫ్/4, 1/30, సాయంత్రం వెలుగు తగ్గాక అదే గదిలో ఎఫ్/2, 1/15. ఒక్కో మెట్టుకి మూడు స్టాప్‌ల తేడా వస్తుంది. బల్బు వెలుతురులో మాత్రం పోల్చకండి. అప్పటి కెమెరాల్లో ఉండే కాడ్మియం సల్ఫైడ్ సెల్, ఫోన్‌లోని సిలికాన్ సెన్సర్ రంగుల్ని ఒకేలా చూడవు. పసుపు బల్బు కింద రెండూ బాగున్నా తేడా చూపిస్తాయి.

ఇంకో మాట. ఆ కాడ్మియం సల్ఫైడ్ సెల్‌కి కాస్త మతిమరుపు తక్కువ. ఎండ చూసి లోపలికొస్తే కొంతసేపు ఎండలోనే ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే చీకటి గదిలో రీడింగ్ తీసే ముందు లెన్స్‌కి మూతపెట్టి కొన్ని నిమిషాలు ఆగండి. "ఇప్పుడొక లెక్క, కాసేపాగితే ఇంకో లెక్క" అన్న మీ ఫిర్యాదులో కొంత భాగం ఇదే అయినా ఆశ్చర్యం లేదు.

ఇక నా అవమానం ఒకటి చెప్పాలి. ఒకసారి ఒక మిత్రుడు తన ఎస్ఎల్ఆర్ మీటర్ రోజుకో రకంగా ఉందని తెచ్చిచ్చాడు. నేను సగం రోజు దాంతో కుస్తీ పట్టాను. బల్ల మీద పెడితే బాగుంటుంది, అతను పట్టుకుంటే తప్పుతుంది. చివరికి చూస్తే అతనికి కళ్లజోడు. కన్నుకీ ఐపీస్‌కీ మధ్య సందులోంచి వెనక వెలుతురు లోపలికి పోయి ప్రిజం దగ్గరున్న సెల్ మీద పడుతోంది. లెన్స్ గుండా వచ్చే వెలుతురును కొలిచే కెమెరాలు చాలావాటిలో ఈ బాధ ఉంది. ఎండకి వీపు పెట్టి నిలబడినప్పుడు ఎక్కువ. పరీక్ష చేసేటప్పుడు ఐపీస్ చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకోండి. అలాగే మీ మోడల్లో మీటర్ రీడింగ్‌కి లెన్స్ అపర్చర్‌ని ముందుగా కుదించాలా అన్నది చూసుకోండి. పెంటాక్స్ స్పాట్‌మాటిక్ లాంటి వాటిలో స్విచ్ పైకి తోసి అపర్చర్ కుదించాకే రీడింగ్ నిజం. పాత నికాన్ ఫోటోమిక్‌లలో లెన్స్ మార్చిన ప్రతిసారీ అపర్చర్ రింగ్‌ని ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పి మీటర్‌కి పరిచయం చెయ్యాలి. ఇవి తెలియక "పాడైపోయిన" కెమెరాలు నేను చాలానే చూశాను.

బ్యాటరీ సంగతి

ఆ కాలంలో చాలా కెమెరాలు పీఎక్స్ 625 అనే పాదరసం బ్యాటరీతో నడిచేలా తయారయ్యాయి. మినోల్టా ఎస్ఆర్‌టీ 101, ఒలింపస్ ఓఎం-1, క్యానన్ ఎఫ్‌టీబీ, క్యానోనెట్ ఇవన్నీ ఆ కోవే. దాని వోల్టేజీ 1.35. జీవితమంతా ఇంచుమించు అంతే ఉండి చివర్లో ఒక్కసారిగా పడిపోయేది. ఆ నిలకడ చూసే తయారీదారులు వోల్టేజీని సరిచేసే సర్క్యూట్ ఏమీ పెట్టకుండా ఖర్చు మిగుల్చుకున్నారు. తర్వాత పాదరసం విషమని ఆ బ్యాటరీలు ఆపేశారు. అమెరికాలో 1996లో చట్టమే వచ్చింది.

మీరు వేసిన ఎల్ఆర్ 44 ఆల్కలైన్ రకం. కొత్తగా ఉన్నప్పుడు 1.5 వోల్టులు, కొద్దిగా పైన కూడా. ముల్లుకి అందాల్సిన దానికన్నా ఎక్కువ కరెంటు అందుతుంది, ముల్లు ఎక్కువ లేస్తుంది, "వెలుతురు చాలా ఉంది" అంటుంది, మీరు దాన్ని నమ్మి తక్కువ ఎక్స్‌పోజర్, అంటే ఫిల్మ్‌కి తక్కువ వెలుతురు, ఇస్తారు. మీ పల్చటి నెగటివ్‌లు అలా వచ్చాయి. పైగా ఈ తేడా అన్ని వెలుతురుల్లోనూ ఒకేలా ఉండదు. కాబట్టి మీ నాలుగు రీడింగుల్లో తేడా మారుతూ ఉంటే మొట్టమొదటి ముద్దాయి బ్యాటరీయే. అసలు చిక్కు ఏంటంటే ఆల్కలైన్ వోల్టేజీ వాడేకొద్దీ మెల్లగా దిగిపోతుంది. ఈ నెల ఒక తప్పు, వచ్చే నెల ఇంకో తప్పు.

ఇది నాకు చేతులు కాలాక తెలిసింది. మొదట్లో నా కెమెరాకి కొత్త ఆల్కలైన్ వేసి, లోపలి ట్రిమ్ పాట్ (మీటర్‌ని సరిచేసే చిన్న తిరుగుడు రెసిస్టర్) తిప్పి, మీటర్‌ని చక్కగా సరిచేశానని మురిసిపోయాను. ఒక నెల బాగానే ఉంది. బ్యాటరీ దిగడం మొదలవగానే ముల్లు తక్కువ లేవడం, నేను ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇవ్వడం. మామూలు నెగటివ్ ఫిల్మ్ అయితే ఒకట్రెండు స్టాప్‌లు ఎక్కువైనా తట్టుకుంటుంది, నాకు తెలిసేదే కాదు. అందులో ఉన్నది స్లయిడ్ రోల్, ఎక్స్‌పోజర్ తప్పితే ఊరుకోని రకం. ఆకాశం, ముఖాలు, అన్నీ ఉతికి ఆరేసిన బట్టల్లా వెలిసిపోయాయి.

మీకున్న దారులు ఇవి:

జింక్-ఎయిర్ బ్యాటరీ, అంటే చెవి మిషన్లలో వాడే 675 సైజు. 1.4 వోల్టులు, నిలకడ మనిషి. పాదరసం బ్యాటరీకి దీనికన్నా దగ్గరి చుట్టం ఇంకేదీ సులువుగా దొరకదు. స్టిక్కర్ పీకాక కొన్ని నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు వెయ్యండి. ఆ చిన్న రంధ్రాలు మూసుకుపోకూడదు. లోపమల్లా ఒకటే: స్టిక్కర్ పీకిన క్షణం నుంచి దాని ఆయుష్షు మొదలవుతుంది, వాడినా వాడకున్నా నెలల్లో అయిపోతుంది. సైజు కూడా చిన్నది. దీని వ్యాసం 11.6 మి.మీ., పీఎక్స్ 625ది సుమారు 16 మి.మీ. చుట్టూ రింగు పెట్టి మధ్యలో నిలబెట్టాలి. కొన్ని కెమెరాల్లో బ్యాటరీ ప్లస్ భాగం పక్క గోడకి తగలాలి. వాటిలో రబ్బరు రింగు పెడితే కరెంటే రాదు, లోహపు రింగు కావాలి.

లేదంటే ఎస్ఆర్ 44 సిల్వర్ ఆక్సైడ్ బ్యాటరీ, దానికి తోడు వోల్టేజీ తగ్గించే అడాప్టర్. సిల్వర్ ఆక్సైడ్ 1.55 దగ్గర కదలకుండా ఉంటుంది. అడాప్టర్‌లో ఉండే షాట్కీ డయోడ్ ఓ 0.2 వోల్టులు తినేసి మిగతాది కెమెరాకి ఇస్తుంది. కెమెరా ఎక్కువ వాడేవాళ్లకి నేను చెప్పేది ఇదే. కొనేటప్పుడు జాగ్రత్త, కొన్ని అడాప్టర్లు సైజు మాత్రమే మారుస్తాయి, లోపల డయోడ్ ఉండదు. మల్టీమీటర్‌తో చూస్తే తెలిసిపోతుంది. సోల్డరింగ్ వస్తే డయోడ్‌ని కెమెరా లోపల బ్యాటరీ వైరు మధ్యలోనే అతికించేయొచ్చు. మామూలు సిలికాన్ డయోడ్ మాత్రం వద్దు, అది 0.6 వోల్టుల దాకా మింగేస్తుంది.

అన్ని కెమెరాలకీ ఈ గొడవ లేదు. స్పాట్‌మాటిక్ మీటర్ బ్రిడ్జ్ సర్క్యూట్. ముల్లు మధ్యలో నిలబడ్డం రెండు వైపుల సమతూకం మీద ఆధారపడుతుంది తప్ప వోల్టేజీ మీద కాదు. దానికి సిల్వర్ ఆక్సైడ్ నేరుగా వేసుకోవచ్చు. మీ మోడల్ ఏ రకమో ముందు తెలుసుకుంటే అడాప్టర్ డబ్బులు మిగిలిపోవచ్చు.

ముల్లు ఎగరడం సంగతి

ఇది బ్యాటరీ వల్ల రాదు. ఎక్కడో కరెంటు దారి తెగుతూ అతుకుతూ ఉంది.

కెమెరాని గోడ వైపు పెట్టి స్థిరంగా ఉంచండి. బ్యాటరీ మూతని వేలితో అటూ ఇటూ నొక్కి చూడండి. ముల్లు కదిలిందా, దొంగ అక్కడే ఉన్నాడు. చాలామంది బ్యాటరీ అడుగున ఉన్న కాంటాక్టు తుడిచి మూతని వదిలేస్తారు. చాలా కెమెరాల్లో ఆ మూత మరలే కరెంటుకి రెండో దారి. మర గాడుల్లో నల్లగా మురికి పేరుకుని ఉంటే ఎంత మంచి బ్యాటరీ వేసినా అంతే. మూత మరలు, గది మరలు రెండూ తుడవండి.

తెల్లటి పొడి, పచ్చటి చిలుము కనిపిస్తే కాటన్ బడ్ మీద ఒక్క చుక్క వెనిగర్ చాలు. ఆల్కలైన్ కారినప్పుడు మిగిలేది క్షారం, వెనిగర్ దాన్ని కరిగిస్తుంది, చిలుమునీ కరిగిస్తుంది. బడ్ తడిగా ఉండాలి, కారకూడదు. తర్వాత ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. మెరుపు రావాలంటే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. గరుకు కాగితం వద్దు, పైనున్న పూత పోతే మళ్లీ త్వరగా చిలుము పడుతుంది. గదిలో పాత పాదరసం బ్యాటరీ ఇంకా అతుక్కుని ఉంటే పొడవొద్దు, గీకొద్దు. గ్లవ్స్ వేసుకుని మెల్లగా బయటికి తీసి మూత ఉన్న డబ్బాలో పెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి.

మూతకి తగ్గకపోతే ఐఎస్ఓ డయల్, షట్టర్ స్పీడ్ డయల్, అపర్చర్ రింగ్ ఒక్కొక్కటీ ఈ చివరి నుంచి ఆ చివరికి ఓ ముప్పై సార్లు తిప్పండి. నవ్వకండి, ఏళ్ల తరబడి కదలని కాంటాక్టు మీద పేరుకున్న పొర ఇలా ఊడిపోతుంది. ఆ తర్వాత మెల్లగా తిప్పుతూ చూడండి. ముల్లు ప్రతిసారీ అదే అంకె దగ్గర ఎగిరితే డయల్ కింద రెసిస్టర్ పట్టీ అక్కడ అరిగింది లేదా మురికి పట్టింది. ఎక్కడపడితే అక్కడ ఎగిరితే వైరో, టంకమో వదులైంది. ఫోటోమిక్ ఎఫ్‌టీఎన్, నికోర్‌మాట్ లాంటి వాటిలో ఉంగరంలా ఉండే కార్బన్ రెసిస్టర్ అరగడం అందరికీ తెలిసిన జబ్బు. మురికైతే తుడిస్తే పోతుంది. కార్బన్ అరిగిపోతే ఇంకో పాడైన కెమెరా నుంచి తెచ్చి వెయ్యాలి తప్ప వేరే దారి లేదు. డయల్ సందులోకి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టమని ఎవరైనా చెబితే వినకండి. అది పారి ప్రిజం మీదికో, ఫోకసింగ్ స్క్రీన్ మీదికో చేరితే మీటర్ బాగయ్యాక చూడ్డానికి వ్యూఫైండర్ ఉండదు.

వైరు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చూపుని మోసం చేసేది ఇదే. కిందటిసారి విప్పిన కెమెరాలో బ్యాటరీ గది అద్దంలా ఉంది, ఎవరో బాగా తుడిచారు. బ్యాటరీ కొత్తది. అయినా ముల్లు ఇష్టమొచ్చినప్పుడు లేస్తోంది. అడుగు ప్లేటు విప్పితే గది వెనక నుంచి ఎర్ర వైరు నిగనిగలాడుతూ పైకి పోతోంది. టంకం దగ్గర మాత్రం ఆవగింజంత పచ్చ చుక్క. పట్టకారుతో తాకగానే వైరు ఊడి చేతిలోకొచ్చింది. పైతొడుగు కోసి చూస్తే లోపల రాగి తీగ లేదు, నల్లటి పొడి ఉంది. దాదాపు రెండు సెంటీమీటర్లు అంతే. బ్యాటరీ నుంచి వచ్చే రసాయనం తొడుగు లోపల తీగ వెంట దీపం వత్తిలో నూనెలా పైకి పాకుతుంది. బయటికి ఏమీ తెలియదు. కొత్త రాగి మెరిసేదాకా కోసి అతికిస్తానని చూశాను, మెరుపు ఎక్కడా రాలేదు. మొత్తం వైరు మార్చాను. ముల్లు లేచి గోడ మీద బల్లిలా నిలబడిపోయింది.

అడుగు ప్లేటు విప్పడం ఎవరైనా చెయ్యగలిగిన పనే. మూడు నాలుగు స్క్రూలు ఉంటాయి, స్ప్రింగులు ఎగిరిపడేవి సాధారణంగా ఉండవు. తలకి సరిగ్గా సరిపోయే డ్రైవర్ వాడండి, ప్రతి స్క్రూ ఎక్కడిదో ఫోటో తీసుకోండి. బ్యాటరీ తీసేసి, మల్టీమీటర్ ఒక ప్రోబు గది కాంటాక్టు మీద, రెండోది అదే వైరు అవతలి చివర పెడితే ఇంచుమించు సున్నా ఓములు చూపించాలి. ముల్లుని కదిపే మీటర్ కాయిల్ మీద మాత్రం మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి కొలవొద్దు. ఆ కాయిల్ మైక్రో ఆంపియర్లతో నడిచేది, మల్టీమీటర్ పంపే కరెంటుకే కాలిపోవచ్చు.

టాప్ కవర్ వేరే లోకం. తంతులు, గొలుసులు, దారాలు కూడా ఉంటాయి. ఓఎం-1 లాంటి చిన్న కెమెరాల్లో చోటే ఉండదు. మొదటిసారి విప్పేవాళ్లు అక్కడ ఆగి తెలిసినవాళ్లకి ఇవ్వడమే మంచిది. విప్పినా ట్రిమ్ పాట్‌లు ముట్టుకోవద్దు, అవి ఆఖరి మెట్టు. తప్పదంటే ముందు సూదితో గుర్తు గీసుకోండి. చాలావాటిలో రెండు పాట్‌లు ఉంటాయి, ఒకటి తిప్పితే రెండోదాని లెక్క మారుతుంది.

ముల్లు అసలు ఇరుక్కుంటే సంగతి వేరు. మీటర్ ఆపేసి కెమెరాని పక్కకి, తలకిందులుగా వంచండి. ముల్లు కాస్త కదిలితే పర్వాలేదు. బాగా వేలాడిపోతే, లేదా ఒకేచోట తట్టుకుని ఆగిపోతే లోపల నలుసు గానీ పివట్ (ముల్లు తిరిగే ఇరుసు) దెబ్బ గానీ ఉంది. పివట్‌కి నూనె వెయ్యకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది.

అన్నీ అయ్యాక కూడా నాలుగు వెలుతురుల్లోనూ ఒకే తేడా మిగిలితే ఇంక విప్పాల్సిన పనే లేదు. మీటర్ ఒక స్టాప్ తక్కువ ఎక్స్‌పోజర్ అడుగుతోందా, 400 ఫిల్మ్ వేసి డయల్ 200 మీద పెట్టండి. ఎక్కువ అడుగుతోందా, 800 మీద పెట్టండి. నా దగ్గరున్న రెండు కెమెరాలు ఏళ్లుగా ఇలాగే నడుస్తున్నాయి. వెనక చిన్న కాగితం అతికించి రాసిపెట్టుకున్నాను, లేకపోతే మర్చిపోతాను.

మీది కాకపోయినా చదివేవాళ్ల కోసం: జెనిత్-ఈ, ఒలింపస్ ట్రిప్ 35 లాంటివి బ్యాటరీ లేని సెలీనియం సెల్‌తో నడుస్తాయి. వైరు ఊడిందేమో చూడొచ్చు. సెల్ చచ్చిపోతే మాత్రం బతికించే మందు లేదు, మార్చడమే.

ఒక అనుమానం ఇంకా మిగిలింది. మీ రోల్లో సగం మాత్రమే పల్చగా వచ్చాయన్నారు. ఆ సగం ఎక్కువ షట్టర్ స్పీడుల్లో తీసినవేమో గుర్తు చేసుకోండి. 1/500, 1/1000 దగ్గర షట్టర్‌లోని పాత కర్టెన్లు (తెరలు) సరిగా నడవకపోతే ఫ్రేములో ఒక అంచు మరీ పల్చగా వస్తుంది. ఒక్కో ఫ్రేము మొత్తం సమానంగా పల్చగా ఉందా, ఒక పక్కకేనా అన్నది నెగటివ్‌ని కిటికీకి పెట్టి చూడండి. ఒక పక్కకే అయితే మీటర్‌ని వదిలేసి ముందు షట్టర్ సంగతి చూడాలి. కెమెరా మోడల్, ఆ నాలుగు రీడింగులు, ముల్లు ఏ అంకె దగ్గర ఎగురుతోందో రాయండి, మిగతాది అప్పుడు చెప్తాను.